నక్షల సారు పండుకున్న అర్ర

కూసో సిరి బిడ్డా. గట్ల గోడకు ఒరిగి కాదు, సక్కగ కూసో. ఆ ఫోను బోర్లేసి పెట్టు. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, మీ బడి పుస్తకం లెక్క మార్చి రాస్తే ఊకోను. నడుమ అడ్డం మాట్లాడకు, నాకు మాట జారిపోతే మల్ల దొరకది.

అటు దిక్కు ఎన్నడు పోనోళ్ళు చదువుతరు కాబట్టి, ముందుగాల ఎవరెవరం పోయినమో రాయి. మీ అమ్మ సునీత, నేను, కెమెరా పట్టే శ్రీధర్. శ్రీధర్‌కు యాభై దాటినయి, మోకాళ్ళ నొప్పులు. కెమెరా కిందికి దించినప్పుడల్ల 'అబ్బా' అంటడు. ఆ అబ్బాలన్ని సినిమాల పడ్డయట.

సినిమా అంటే పాటలు, ఫైటింగులు ఉండేది కాదు. మీ తాత మీద మీ అమ్మ తీస్తున్న డాక్యుమెంటరీ. మీ తాత ఆర్కిటెక్టు. బొగ్గు కంపెనీల ఇండ్లకు నక్షలు గీసేటోడు. ఆయన పోయి మూడేండ్లాయె. పోయినంక అల్మారా మీద రేకు గొట్టాలు దొరికినయి, అండ్ల సుట్టలు సుట్టలు నక్షలు. అవి ముందరేసుకొని మీ అమ్మ రెండేండ్ల సంది ఆయనను ఎతుకుతున్నది. ఆయన గొంతు రికార్డు ఒక్కటి లేదు. ఫోటోలల్ల గుడ ఎప్పుడు పక్కకే నిలవడ్డడు. "నాన్న కట్టించిన ఇండ్లు చూస్తెనన్న నాన్న తెలుస్తడేమో, పోదాం పా అమ్మా" అన్నది.

ఆ ఇండ్లున్న గోదావరిఖనిల నేను ఏడేండ్లు కాపురం చేసిన. విడిచిపెట్టి నలభై ఏండ్లకు దగ్గర. నాకేం కొత్త ఉంటది, తోవ చూపెట్టేదాన్ని నేనే అనుకుంట కారు ఎక్కిన. మూడు దినాలల్ల ఆ మాట ఎన్నిసార్లు మింగిన్నో ఇగ విను.

బసంత్‌నగర్ల చాయ

పెద్దపల్లి దాటినంక బసంత్‌నగర్ వస్తది. సిమెంటు ఫ్యాక్టరీ ఊరు. రోడ్డు పక్కపొంటి లారీలు ఒకదాని ఎనుక ఒకటి, పెండ్లి బంతి లెక్క కూసున్నయి. డ్రైవర్లు టైర్ల నీడకు చద్దర్లు పరిచి పత్తాలాడుతున్నరు. చాయ కాడ ఆగినం.

చాయ పోసే ఆమె నన్ను కింది నుంచి మీది దాక చూసి, "అవ్వా, షుగరున్నదా?" అన్నది.

"ఉన్నది. అయినా చక్కెర ఎయ్యి."

"రెండు చెంచాలు ఏస్తున్న మరి, నీ బిడ్డ నన్ను కొట్టదు గద?"

పది రూపాయలకు గ్లాసు నిండ చాయ. మన హైదరాబాదుల ఇరవై తీసుకొని మందు పోసినట్టు అడుగున ఇంత పోస్తరు. నేను రెండోది గుడ పోయించుకున్న.

శ్రీధర్ ఆడ్నే బల్ల మీద కెమెరా పెట్టి మీ అమ్మను కూసోపెట్టిండు. సినిమా మొదలు ఆమె మాటలు కావాలెనట. మీ అమ్మ నెత్తి సదురుకొని, కెమెరా దిక్కు చూసుకుంట చెప్పింది.

"నాకు ఎనిమిదేండ్లప్పుడు మా నాన్న ఆర్నెల్లు ఇల్లు విడిచిపెట్టి పోయిండు. దూరం కాదు, రెండు మైళ్ళు. ఒక్కడే వేరే క్వార్టర్ల ఉన్నడు. ఎందుకు పోయిండంటే నా లొల్లికి. నాన్న నక్షలు గీసుకునే కాడ నేను ఎగిరేదాన్ని, పాడేదాన్ని. ఆయనకు పని సాగలే. అప్పటి సంది నేను గట్టిగ మాట్లాడుడు బంద్ చేసిన."

నా చాయ గొంతులకెళ్ళి ముక్కులకొచ్చింది.

ఆ మాట చెప్పింది నేను బిడ్డా. దాచుకోను. ఒక్క దినం రొట్టెలు చేసుకుంట చెప్పిన. "నాన్న ఎప్పుడొస్తడే, నాన్న ఎప్పుడొస్తడే" అని పదిసార్లు అడిగింది. నేను పెనం మీద ధ్యాస ఉండి, "నీ లొల్లికే పోయిండు, ఊకుంటే వస్తడు" అన్న. ఆ పూటనే మర్చిపోయిన. అది మర్వలే. సునీత ఎంత నిమ్మలంగ మాట్లాడుతది అని సుట్టాలంత మెచ్చుకుంటరు గద, ఆ నిమ్మలం ఏడికెళ్ళి వచ్చిందో నాకు ఆ లారీల కాడ తెలిసింది.

మరి అసలు సంగతేంది అంటవా? నాకూ తెల్వది. మీ తాత "పనున్నది, కొన్ని దినాలు అటుంట" అన్నడు, గంతే. ఐతారం వచ్చేటోడు. కండ్లు ఎర్రగ నిప్పుల లెక్క. చాప మీద పడి పొద్దుగూకేదాక లేస్తుండకపోయె. ఒకరు ఒకటన్నరు, ఇంకొకరు ఇంకోటన్నరు. నేను అడగలే. ఆర్నెల్లకు బిస్తరు సంకల పెట్టుకొని ఇంటికొచ్చి, "నక్ష తప్పు పోయింది, మల్ల గీసిన" అన్నడు. అప్పుడు గుడ అడగలే.

ఆ బల్ల కాడ్నే చెప్పాల్సింది, అది నా నోటి మాట, నిజం కాదు అని. చెప్పలే. చాయ పైసలు ఇచ్చి కారుల కూసున్న.

గోదావరిఖని

నేను విడిచిన గోదావరిఖని వేరు, పోయి చూసింది వేరు. నేనున్నప్పుడు మా ఆఫీసర్ల బంగ్లాల దిక్కు సూర్యుడు గూకితే కుక్కలు తప్ప ఏం కనవడకపోయేటియి. ఇప్పుడు అద్దాల దుకాణాలు, బంగారం దుకాణాలు, బిర్యానీ హోటళ్ళు. అయినా ఒకటి మారలే. ఆ ఊరు మొత్తం ఒక్కసారి పండదు, మొత్తం ఒక్కసారి లేవది. మూడు షిఫ్టులు. ఒకడు డ్యూటీకి పోతుంటే ఒకడు డ్యూటీ దిగుతడు. ఒక ఇంట్ల మాపటికి పొయ్యి ముట్టిస్తే పక్కింట్ల అది పొద్దుగాల లెక్క. మనకు హైదరాబాదుల ఊరంతటికి ఒక్కటే గడియారం. వాళ్ళకు ఇంటింటికి ఒక గడియారం.

చౌరస్తల షేర్ ఆటో ఎక్కినం. ఎనమండుగురిని కుక్కిండు. నా ఒడిల కెమెరా సంచి.

"అవ్వా, జర సర్దుకో. ఇంకొకరు పడుతరు" అన్నడు డ్రైవరు.

"ఏడ సర్దుకోవాలె తమ్మీ, నీ ఒడిలనా?"

"నా ఒడిల ఇప్పటికే ఇద్దరున్నరు అవ్వా."

నిజంగనే అటొకడు ఇటొకడు ఆయన సీటు మీదనే కూసున్నరు. మనిషికి ఇరవై తీసుకున్నడు, కెమెరాకు తీసుకోలే. బండి మీద సర్వపిండి తిన్నం. పల్లీలు, నువ్వులు దండిగ ఏసి, అడుగు కరకర, నడుమ మెత్తగ. ముప్పై రూపాయలు. మన దిక్కు హోటల్ల దాన్ని నాలుగు ముక్కలు చేసి, కొత్తిమీర చల్లి, నూటయాభై అంటరు.

బాయి అంచున

రెండో దినం పొద్దుగాల ఓపెన్‌కాస్టు చూడపోయినం. నేనున్నప్పుడు బొగ్గుబాయి అంటే భూమి కింద. మనుషులు దిగుడే కనవడేది, ఎక్కుడే కనవడేది, నడుమ ఏం జరుగుతదో మనకు తెల్వకపోయేది. ఇప్పుడు కొన్ని దిక్కుల భూమినే మీదికెళ్ళి తెరిచిన్రు.

పర్మిషన్ తీసుకొని, ఆళ్ళు చూపెట్టిన కాడ కంచె ఇవుతల నిలవడ్డం. బిడ్డా, నాకు డెబ్బై రెండేండ్లు. కాశి చూసిన, సముద్రం చూసిన. గంత పెద్దగ మనిషి చేసింది నేను చూడలే. మెట్లు మెట్లు, కిందికి, కిందికి. ఒక్కొక్క మెట్టు మన మూడంతస్తుల బిల్డింగంత. అడుగున నల్లటి చార, దాని మీద పసుపచ్చ డంపర్లు చీమల లెక్క పాకుతున్నయి. నేను నిజంగనే చిన్న బండ్లనుకున్న. అండ్లకెళ్ళి ఒకటి మీదికొచ్చి మా ముందరి నుంచి పోతే, దాని చక్రం మన తలుపు దర్వాజ కంటె ఎత్తు. కాళ్ళ కింద నేల వణికింది. ఎవరు నేర్పిన్రు ఈ మనిషికి గింత పని అనుకున్న. భయం గుడ అయ్యింది, దండం గుడ పెట్టబుద్ధయ్యింది.

శ్రీధర్ కెమెరా తిప్పి తిప్పి, "ఇది ఫ్రేముల పడుతలేదు మేడం" అన్నడు.

మీ అమ్మ కంచె మీద చేతులు పెట్టి అడుగు దాక చూసింది. మల్ల, "నాన్న ఇసొంటి చోట కూసోని కిటికీలు, తలుపులు గీసిండన్నట్టు" అన్నది. ఆ మాటల ఎక్కిరింపున్నదో, ప్రేమున్నదో నాకు సమజ్ కాలే.

తువ్వాల లైను

ఆడికెళ్ళి పాత క్వార్టర్ల లైనుకు పోయినం. మీ తాత ఆర్నెల్లు ఉన్నది ఆ లైన్లనే. ఆయన నక్ష మీద ఆ క్వార్టర్ నంబరు రాసి ఉన్నది. ఏడేండ్లు రెండు మైళ్ళ దూరంల ఉండి నేను ఒక్కసారి గుడ ఆ లైన్లకు అడుగుపెట్టలే. సిగ్గు పడాల్సిన మాటనే, అయినా రాయి.

పగలు పదకొండు గంటలు. శ్రీధర్ స్టాండు పెట్టిండు. సినిమా తీసేటోళ్ళు మాట, బొమ్మ కలుస్తందుకు ముందుగాల ఒకసారి సప్పట్లు కొడుతరు. మీ అమ్మ కెమెరా ముందర నిలవడి ఫట్టుమని కొట్టింది. "ఆఁ, రోలింగ్" అని శ్రీధర్ ఒర్రిండు.

గంతే. నాలుగు ఇండ్లకెళ్ళి నలుగురు ఆడోళ్ళు బయటికొచ్చిన్రు. ముందరొచ్చిన ఆమె పేరు రజియా, అరవై ఉంటయి. పెదవుల మీద ఏలు పెట్టుకొని ఉరికొచ్చింది.

"అరె, ఆహిస్తా. కండ్లు లేవా మీకు? తువ్వాల కనవడుతలేదా?" గుసగుసగనే తిట్టింది.

అప్పుడు చూసినం. ఆ లైన్ల ఒక్కొక్క తలుపు గొళ్ళానికి ఒక తువ్వాల కట్టి ఉన్నది. అన్నిటికి కాదు, ఐదారింటికి. తువ్వాల ఉన్నదంటే నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి లోపల పండుకున్నడని. ఎవరు ఆ ఇంటి ముందర గట్టిగ మాట్లాడరు. మేం నిలవడి చూస్తుండంగనే కూరగాయలాయన బండి తోలుకొచ్చిండు. మన గల్లీల అయితే మైకు పెట్టి టమాట టమాట అని చెవులు పగలగొడుతడు గద. ఈయన నోరు తెరవలే. తువ్వాల ఉన్న ఇంటి కాడ ఆగి, చెయ్యి ఊపిండు. లోపలి ఆమె కిటికీలకెళ్ళి రెండు వేళ్ళు చూపెట్టింది. రెండు కిలోలు తూచి గడప మీద పెట్టి పోయిండు. ఒకాయన బండి మలుపు కాడ్నే బంద్ చేసి నూకుకుంట వచ్చిండు. మిట్టమధ్యాహ్నం కావస్తున్నది, నిండుగ మనుషులున్నరు, గుడిల ఉన్నంత నిశ్శబ్దం. నాకు ఆడ గుడ దండం పెట్టబుద్ధయ్యింది. బాయి అంచున నిలవడ్డప్పటి కంటె ఎక్కువ.

మీ అమ్మ చెవిల మెల్లగ సంగతి చెప్తే, రజియా కోపం దిగింది. "నక్షల సారు బిడ్డవా? అరె, ముందుగాల చెప్పొద్దా?" అని లోపలికి తీసుకపోయింది. ఇంటర్వ్యూ మొత్తం గుసగుసలే. శ్రీధర్ మైకు ఆమె గదుమ కింద పెట్టిండు.

"సారు ఈ పక్కింట్లనే ఉన్నడు. నేను అప్పుడే కొత్తగ పెండ్లయి వచ్చిన. మా అత్త రొట్టెలు పంపేది. నైట్ షిఫ్టోళ్ళతోని బాయిలకు దిగేటోడు, పొద్దుగాల నల్లగ అయ్యి వచ్చేటోడు. తానం చేసి, తలుపుకు తువ్వాల కట్టి, పండుకునేటోడు. అంటే, పండుకుందామని చూసేటోడు. నిద్రెక్కడిది పాపం? మూడు దినాలకే కండ్లు మిరపపండ్లు."

"ఎందుకు వచ్చిండు అక్కా? మా నాన్నకు బాయిల డ్యూటీ లేదు గద" అన్నది మీ అమ్మ.

"ఎందుకంటే అప్పుడు ఈ లైన్లనే ఉండే మల్లవ్వతోని కొట్లాడినందుకు. ఆమెనే అడుగుండ్రి. ఇప్పుడు కొడుకు క్వార్టర్ల ఉంటది, సెంటినరీ కాలనీల. నేను చెప్తే 'నా ముచ్చట నువ్వెందుకు చెప్పినవ్' అని నా మీదికొస్తది."

రజియా పెట్టిన సేమియా తిని వచ్చినం. ఆ పూటంత నాకు మనసు మనసుల లేదు. ఒక ఆడామెతోని కొట్లాడి వచ్చిండు అంటే ఏందో, ఏం వినాల్సొస్తదో అని.

సెంటినరీ కాలనీ

మూడో దినం. సెంటినరీ కాలనీ అంటే వరుసకు వరుస క్వార్టర్లు, ఒక్క తీరు గోడలు, ఒక్కొక్క ఇంటి ముందర ఒక్కొక్క తీరు చెట్టు. మల్లవ్వకు ఎనభై ఉంటయి. ఇంటెనుక గడప మీద కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. మేం ఎవరమో చెప్తే నన్ను చూసి, "నువ్వా ఆయన పెండ్లానివి? గింత ఎర్రగున్నవ్, ఎండకు రానిచ్చిండా లేదా?" అన్నది. ఒక గిన్నె నా ముందరికి జరిపింది. నేను గుడ ఈనెలు తీసుకుంట కూసున్న.

ఆమె చెప్పింది విను.

పాత లైన్ల ఒక్కొక్క ఇంట్ల పండుకునే అర్రకు మీ తాత ఇంత పెద్ద కిటికీ పెట్టించిండు. తూర్పు మొకం. పొద్దుగాల ఎండ, గాలి, ఆరోగ్యం. పెద్ద పెద్దోళ్ళు వచ్చి మెచ్చుకున్నరట ఆ నక్షను. ఏడాదికి ఫోటోలు తీసుకుందామని వస్తే, లైనుకు లైను కిటికీలన్ని మూసి ఉన్నయి. ఒకరు గోనె సంచి, ఒకరు అట్టపెట్టె. మల్లవ్వ అయితే ఇటుకలే పెట్టి మట్టి మెత్తింది.

"కోపంతోని ఊగిపోయిండు మీ ఆయన. 'చదువు లేని మందికి వెలుతురు విలువ తెల్వది' అన్నడు. నాకు గుడ మండింది. 'సారూ, రాత్రంత బాయిల పని చేసి పొద్దుగాల ఆరుకు వచ్చిన మనిషి, నీ ఎండ మొకం మీద పడితే ఎట్ల పంటడు? పండకపోతే మల్ల రాత్రి బాయిల కునుకు తీస్తడు. ఆడ కునుకు తీస్తే మాకు ఏం మిగులుతది? నువ్వు ఒక్క రాత్రి డ్యూటీ చేసొచ్చి ఈ అర్రల పండు, అప్పుడు చెప్పు వెలుతురు ముచ్చట' అన్న."

"అప్పుడేమన్నడు?" మీ అమ్మ అడిగింది.

"ఏమంటడు, పోయిండు. పీడ పోయిందనుకున్న. వారానికి బిస్తరు పట్టుకొని వచ్చిండు. ఏంది సారూ అంటే, 'తప్పు నాది, ఎంత తప్పో కొలుస్తందుకు వచ్చిన' అన్నడు. ఆర్నెల్లు కొలిచిండు. ఏ యాళ్ళకు ఎండ ఏడికొస్తది, ఏ పక్క మోత వినవడుతది, ఏ గోడ కాగుతది, అన్ని గోడ మీద పెన్సిలుతోని గీసేటోడు. ఇంట్ల చెప్పలేదా నీకు?"

"లేదు" అన్న.

"ఎట్ల చెప్తడులే. మొగోడు, అండ్ల సారు."

ఇగ లేచి మా చెయ్యి పట్టుకొని ఇంట్లకు తీసుకపోయింది. "గిది ఆయన మల్ల గీసిన ఇల్లు" అన్నది. ఎనుక తలుపు పక్కనే తానాల గది, బొగ్గు మసితోని వచ్చిన మనిషి ఇల్లు తొక్కకుంట కడుక్కొని లోపలికి రావచ్చు. పండుకునే అర్ర రోడ్డుకు దూరంగ, మూలకు. గోడ మూరెడు మందం. కిటికీ నెత్తి మీద, చిన్నగ, ఉత్తరం మొకం. గాలి వస్తది, ఎండ రాదు. నడుమ సామాన్ల గది, అవుతల వంటిల్లు.

"మా కొడుకు లోపలనే ఉన్నడు, నైట్ షిఫ్టు దిగి పండుకున్నడు. చూస్తరా?" అని, కోడలికి సైగ చేసింది. ఆమె మిక్సీ ఏసింది. నా చెవులు గుయ్యిమన్నయి. లోపల అర్రల చప్పుడు లేదు, కదులుడు లేదు. తలుపు సందుల నుంచి చూస్తే చీకటి. పగటి పన్నెండు గంటలప్పుడు, గంత చల్లటి, గంత మెత్తటి చీకటి. ఆ చీకటిని మీ తాత గీసిండు బిడ్డా. ఇంత పెద్ద కిటికీతోని పేరు తెచ్చుకున్న మనిషి, దాన్ని కొట్టేసి, చీకటిని గీసిండు. ఎన్ని వందల ఇండ్లల్ల ఎంతమంది ఆ చీకట్ల పండుకొని లేచి, నిండు మనుషులై డ్యూటీకి పోయిన్రో. నేను ఆయనతోని నలభై ఎనిమిదేండ్లు ఉన్న. నాకు ఆ దినమే ఆయన ఎంత ఎత్తు మనిషో కనవడ్డది.

మీ అమ్మ గోడ మీద అరచెయ్యి పెట్టి నిలవడ్డది. మల్ల గడప కాడికి వచ్చినంక మల్లవ్వను అడిగింది. "అవ్వా, మరి నా లొల్లికి పోయిండన్నరు. ఇంట్ల నేను లొల్లి చేస్తున్ననని."

మల్లవ్వ నవ్వింది. "లొల్లి పడనోడు మా లైనుకు వస్తడా పిల్లా? అప్పుడు ఇంటికి ఐదుగురు పిల్లలు, తువ్వాల కట్టినా ఆళ్ళు ఆగుతరా? గంత లొల్లిల మనిషి ఎట్ల పంటడో చూద్దామనే వచ్చిండాయె. నీకెవరు చెప్పిన్రు?"

మీ అమ్మ నా దిక్కు తిరిగింది. శ్రీధర్ కెమెరా గుడ తిరిగింది. నా చేతుల చిక్కుడుకాయ.

చెప్పిన. "కోపంల నోరు జారిన బిడ్డా, మనసుల ఏం పెట్టుకోకు" అన్న. గంతే చెప్పిన. లోపల కోడలు తొక్కు కోసం మల్ల మిక్సీ ఏసి ఉన్నది.

శ్రీధర్, "అమ్మా, మోతల మాట పోయింది" అన్నడు.

కోడలు మిక్సీ ఆపింది. మీ అమ్మ, "మల్ల చెప్పమ్మా" అన్నది.

రెండోసారి చెప్పుడే కష్టమైంది. ఇల్లంత సప్పుడు లేదు. నోరు జారిన అనే మాట నాకే అబద్ధం లెక్క వినవడ్డది. అప్పుడు ఉన్నది చెప్పిన. "నాన్న ఎందుకు పోయిండో నాకు తెల్వదు సునీతా. నన్ను ఇడిచిపెట్టి పోయిండేమో అని భయపడ్డ. ఆయనను అడిగే ధైర్యం లేకుండె. నా భయాన్ని ఎనిమిదేండ్ల పిల్ల నెత్తిన పెట్టిన, నా మీద నుంచి దిగుతదని. నీ తప్పు ఏం లేకుండె. నాన్న తప్పు చేస్తే పోయి అండ్ల పండి కొలుచుకున్నడు. నేను అది గుడ చెయ్యలే."

మల్లవ్వ నా గిన్నెలకెళ్ళి చిక్కుడుకాయలు తన గిన్నెల పోసుకున్నది. మీ అమ్మ ఏడ్వలే, తిట్టలే. శ్రీధర్‌తోని, "వచ్చిందా?" అన్నది. "వచ్చింది మేడం" అన్నడు. గంతే.

ఇంటికొచ్చినంక

తోవ పొడుగునా మీ అమ్మ ముందర సీట్ల కూసున్నది. పోయేటప్పుడు నా పక్కన కూసున్నది.

వచ్చి ఇయ్యాలటికి ఆరు దినాలు. చూస్తనే ఉన్నవ్ గద. తలుపు ఏసుకొని ఎడిటింగ్ అంటది. కంచం గుడ ఆ అర్రలకే తీసుకపోతది. నేను పిలిస్తే "నువ్వు తినమ్మా" అంటది, నిమ్మలంగ. ఆ నిమ్మలం నాకు ఇప్పుడు ముల్లు లెక్క గుచ్చుకుంటున్నది. నిన్న తలుపు కాడికి పోయి నిలవడ్డ. లోపల నా గొంతే వినవడుతున్నది. మల్లవ్వ గడప కాడ నేను చెప్పిన మాటలు. ఒకసారి ఏస్తది, ఆపుతది, మల్ల ఏస్తది. ఎన్నిసార్లు విన్నదో.

సినిమాల అది ఉంచుతదో తీసేస్తదో నన్ను అడగలే. నేను గుడ అడగలే అని రాయబోతున్నవా? రాయకు. నేను ఇయ్యాల పొద్దుగాల అడిగిన. అడగక అడగక ఒక బతుకు పోయింది, ఇగ అడగకుంటె ఎట్ల అని, తలుపు కొట్టి, "సునీతా, నా మీద కోపం ఎంతున్నది?" అన్న. ఆమె తలుపు తియ్యలే. లోపల నుంచే, "అమ్మా, నాకు ఇంకా కొలుచుడు కాలే" అన్నది. మంచిగనే ఉన్నది ఆ మాట, అనుకున్న. ఎన్ని దినాలైనా కొలుచుకోనీ. నేనైతే ఏడికి పోత, ఇంట్లనే ఉంట గద. నాకు ఒక్కటే ఫికర్ బిడ్డా, నాకు డెబ్బై రెండు, ఆమె కొలుచుడు అయ్యేదాక నేను...

ఆగు. ఎవరు, మీ అమ్మనా పిలిచేది? గింత గట్టిగనా?

"అమ్మా. ఓ అమ్మా. చెవులు వినవడుతలేవా? నీకు, నాకు ఇద్దరికి పెట్టిన, అన్నం సల్లారుతున్నది, రా."

వస్తున్న, వస్తున్న. సిరీ, నా చెయ్యి పట్టు లేస్త. అది రాసుడు బంద్ చెయ్యకు, మల్లొచ్చి చెప్త, నేను ఏమంటున్ననంటే, మీ అమ్మ ఇట్ల ఒర్రంగ విని నేను ఎన్నేండ్లు